ఋ అచ్చెలా అయింది?

ఈ రోజు పొద్దుటంతా ఒకే ఒక్క మాటతో కుస్తీ. చెక్ భాషలో వేలిని ‘ప్ర్‌స్త్’ అంటారు. మెడనూ గొంతునూ ‘క్ర్‌క్’ అంటారు. రెండింటినీ కలిపి వాళ్లకో సరదా వాక్యం ఉంది: ‘స్త్ర్‌చ్ ప్ర్‌స్త్ స్క్ర్‌జ్ క్ర్‌క్’. గొంతు గుండా వేలు దూర్చు అని అర్థం. పలకబోతే సరిగ్గా అలాగే ఉంది నా పరిస్థితి.

ఫోనులో రికార్డు చేసుకుని విన్నాను. ‘పురుస్తు’! నేను మాత్రం శుభ్రంగా ‘ప్ర్‌స్త్’ అన్నానని ఒట్టు వేసేదాన్ని. మళ్లీ అన్నాను: ‘ప్రుస్తు’. ఒక ఉకారం తగ్గింది, అంతే. బస్సు, కారు, ఫోను అంటూ ప్రతి పరాయి మాటకూ చివర ఉకారం తగిలించి గానీ లోపలికి రానివ్వని భాష మనది. జపనీయులదీ ఇదే బాపతు, ‘స్ట్రైక్’ను ‘సుతొరైకు’ చేసుకున్నారు. అలాగని మనకు సంయుక్తాక్షరాల కరువేమీ లేదు. స్త్రీ, రాష్ట్రం అని అలవోకగా అంటాం. కాకపోతే ఎన్ని హల్లులు పేర్చినా వెంటనే ఒక అచ్చు వచ్చి ఆదుకుంటుంది. ఇక్కడ ఆ దిక్కు లేదు.

లేదనే అనుకున్నాను, మధ్యాహ్నం పాఠంలో ‘వ్ల్‌క్’ ఎదురయ్యేదాకా. అంటే తోడేలు. సంస్కృతంలో వృకం. రెండూ ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. ఆ ‘ల్’, ‘ర్’లే చెక్‌లో అచ్చుల పని చేస్తున్నాయి! వర్ణమాలలో ఋ, ఌ అచ్చుల వరసలో ఎందుకు కూర్చున్నాయో చిన్నప్పుడు నాకు అంతుపట్టేది కాదు. ‘రు’ అని రాసుకుంటే పోయేదిగా అనుకునేదాన్ని. మనం ‘క్రుష్ణ’ అని పలికి పలికి దాన్ని మామూలు రకారం చేసేశాం గానీ, ఒకప్పుడు అది ఏ ఉకారం తోడూ లేకుండా నిలబడిన ధ్వని.

సాయంత్రం పద్ధతి మార్చాను. ‘ఆ’ను సాగదీసినట్టు ‘ర్’ను సాగదీసి, చివరి ‘త్’ దగ్గర గొంతు మీద చెయ్యి వేసుకున్నాను. అక్కడ గొంతు అదిరిందంటే ఉకారం దొంగచాటుగా దూరినట్టే. పదిసార్లలో మూడుసార్లు అదరలేదు.

‘ర్’నూ ‘జ్’నూ కలిపి ఒకే ధ్వనిగా పలకాల్సిన అక్షరం ఇంకొకటి ఉంది, సంగీతకర్త ద్వొర్‌జాక్ పేరులోది. ఈ వారం దాని జోలికి వెళ్లను.