నందన కరువు నాటి మాన్యం

మా నాయనమ్మ చెప్పే కథ రెండే వాక్యాలు. "నందన కరువులో మీ తాతయ్య ముత్తాత ఉలి సంచి భుజాన వేసుకుని, వాళ్ల నాన్న వెంట ఈ ఊరు వచ్చాడు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారు తన చేత్తో వడ్రంగి మాన్యం రాసిచ్చారు." వేంకటాద్రి నాయుడు గారు అమరావతి జమీందారు; మాన్యం అంటే ఊరికి చేసే పనికి బదులుగా ఇచ్చే భూమి. గుంటూరు జిల్లాలో మా ఊళ్లో అరవై ఏళ్లు పైబడిన మా వాళ్లెవరిని అడిగినా ఇదే చెబుతారు. దీన్ని కాగితం మీద పెట్టాలని కూర్చున్న రోజే నాకు మొదటి చిక్కు ఎదురైంది.

నందన నామ సంవత్సరం అరవై ఏళ్లకోసారి వస్తుంది. 1832లో వచ్చింది, 1892లో మళ్లీ వచ్చింది. గుంటూరు సీమలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన మహా కరువు 1832-33 నాటిదే. అయినా మా వాళ్లు చెప్పేది అదేనని ఊహ మీద రాయడానికి మనసొప్పలేదు.

ఒక చరిత్ర అధ్యాపకుడు ఇనాం ఫెయిర్ రిజిస్టరు చూడమన్నారు. 1858లో మొదలైన ఇనాం కమిషన్ ఊరూరా మాన్యాలను విచారించి రాయించిన పుస్తకాలవి. హైదరాబాదు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో దరఖాస్తు పెట్టి, మూడో రోజున మా ఊరి పుస్తకం ముందు కూర్చున్నాను. రాత ఇంగ్లీషులో ఉంది, మన పేర్లను వాళ్లకు వినబడినట్టు రాసుకున్నారు. మా ఇంటిపేరును పెదవులతో పలుక్కుంటూ చదివితే గానీ పోల్చుకోలేకపోయాను. వడ్రంగి మాన్యం, అనుభవదారు పేరు, పక్కనే వయసు 45. విచారణ జరిగిన సంవత్సరం 1860. అంటే 1832లో ఆయనకు పదిహేడేళ్లు. భుజాన ఉలి సంచి మోసే వయసే! ఆ అంకె మీద వేలు ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాను.

అదే వరుసలో మాన్యం ఇచ్చినవారి గడి దగ్గర మాత్రం "తెలియదు" అని ఉంది. వేంకటాద్రి నాయుడు గారు 1816లోనే కాలం చేశారు. కరువుకు పదహారేళ్ల ముందు పోయిన మనిషి కరువులో వచ్చినవాళ్లకు మాన్యం ఎలా రాసిస్తాడు?

ఇక్కడ కథను కొట్టిపారేయడం తేలిక. కానీ అలా కొట్టిపారేయడం తప్పని నా గట్టి నమ్మకం. నోటి మాటలో తేదీ జారిపోవచ్చు, కానీ ఇన్ని తరాలు ఒక మాటను పట్టుకుని ఉన్నారంటే దానికి ఏదో ఆధారం ఉంటుంది. అందుకే మా ఊరి కైఫీయతు వెతికాను. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరులూ వారి మనుషులూ ఊళ్లు తిరిగి, కరణాలను అడిగి రాయించుకున్న గ్రామ చరిత్రలవి. మెకంజీ 1821లో పోయారు కాబట్టి ఇవన్నీ కరువుకు ముందటి మాటలు. గొలుసుకట్టు రాత, మాటకూ మాటకూ ఎడం లేదు. రెండు పుటలు చదవడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఊరి మాన్యాల వరుసలో పురోహితుడు, మంగలి, చాకలి తరువాత వడ్రంగి ఉన్నాడు.

అంటే మాన్యం మా వాళ్లు రాక ముందే ఉంది, ఊరి వడ్రంగి పనికి కట్టిన భూమి అది. నాయుడు గారు ఇచ్చే ఉంటే, మా వాళ్లకు ముందున్న వడ్రంగికి ఇచ్చి ఉండాలి. భూమితో పాటు దాని కథ కూడా మా ఇంటికి వచ్చి ఉంటుందని నా అంచనా. రుజువు లేదు కనుక రాసేటప్పుడు అంచనా అనే రాశాను. నాయనమ్మ మాటను ఆమె చెప్పినట్టే ముందు పెట్టి, రిజిస్టరులో ఉన్నదీ కైఫీయతులో ఉన్నదీ దాని కింద విడివిడిగా ఇచ్చాను.

సంక్రాంతికి అందరూ చేరినప్పుడు అరుగు మీద చదివి వినిపించాను. నాయుడు గారి మాట వచ్చేసరికి పెదనాన్న ముఖం ముడుచుకున్నారు. అయినా చివరిదాకా విన్నారు. తరువాత కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అడిగారు: "అయితే మనకంటే ముందున్న వడ్రంగి వాళ్లు ఆ కరువులో ఏమయ్యారురా?"

అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు.