అమ్మమ్మా, ఇది ఇల్లు కాదు, పద

మూడేళ్ళ క్రితం మే నెలలో అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు కొండరాతిలో అమెరికా అధ్యక్షుల ముఖాలు చెక్కిన మౌంట్ రష్‌మోర్ చూపిద్దామని ఆర్‌వీ, అంటే లోపలే వండుకుని పడుకోగలిగే పెద్ద బండి, అద్దెకు తీసుకున్నాం. డాలస్ నుంచి ఓక్లహోమా, కాన్సాస్, నెబ్రాస్కా దాటి సౌత్ డకోటా దాకా. ఆ దారంతా మే నెలలో టోర్నడోల కాలమే. పదిహేనేళ్ళుగా టెక్సస్‌లో ఉంటున్నాం కాబట్టి ఆ సంగతి తెలుసు, కానీ సొంత ఇంట్లో సైరన్ వినడం వేరు, చక్రాల మీదున్న ఇంట్లో పడుకుని వినడం వేరని ఆ ప్రయాణంలోనే తెలిసింది.

రెండో రాత్రి కాన్సాస్‌లో కాంకార్డియా దగ్గర ఒక ఆర్‌వీ పార్కులో ఆగాం. సాయంత్రం నుంచే టోర్నడో వాచ్ ఉంది. వాచ్ అంటే రావచ్చు అని, వార్నింగ్ అంటే కంటికో రాడార్‌కో కనబడింది, వెంటనే దాక్కోండి అని. వాచే కదా అని పప్పన్నం తిని పడుకున్నాం. అర్ధరాత్రి దాటాక వాతావరణ హెచ్చరికలు చెప్పే వెదర్ రేడియో అరిచింది, ఫోన్లలో సిగ్నల్ లేదు. రేడియోలో మిషన్ గొంతు ప్రమాదమున్న కౌంటీల (మన జిల్లాల్లాంటివి) పేర్లు చదువుతోంది. "క్లౌడ్" అని వినిపిస్తే నిద్రమత్తులో మబ్బుల గురించి ఏదో చెబుతోందనుకున్నాను. మా తొమ్మిదేళ్ళ బాబు లేచి కూర్చుని, "అమ్మా, మనం ఉన్నదే క్లౌడ్ కౌంటీ" అన్నాడు. పగలంతా రోడ్డు పక్క బోర్డులు చదువుతూ వచ్చాడు వాడు.

నేను చేసిన మొదటి పని తలుపు గడియ సరిగ్గా పడిందో లేదో చూడటం. చిన్నప్పుడు తుఫానంటే మాకు అంతే, తలుపులు బిగించి కొవ్వొత్తి వెలిగించుకుని లోపల కూర్చోవడం. వాడు ఇంగ్లీషులో గట్టిగా అరిచాడు, ఇది ఇల్లు కాదు, దీనికి పునాది లేదు, బయటికి వెళ్ళాలి అని. వాళ్ళ బడిలో ఏటా టోర్నడో డ్రిల్ చేయిస్తారు, గోడవైపు తిరిగి మోకాళ్ళ మీద వంగి మెడ మీద చేతులు పెట్టుకోవడం అందులోదే.

అమ్మకి వాడి మాట అర్థం కాలేదు. "ఏవంటున్నాడే వాడు?" అంది. చెప్పాను. "పూరిపాకన్నమాట. లేవండి, పదండి" అని అందరికంటే ముందు ఆవిడే లేచింది. కళ్ళజోడు వెతకలేదు, చెప్పులు మాత్రం వేసుకుంది.

అమ్మది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన రాత్రికి ఆవిడకి పదిహేడేళ్ళు. పాకల్లో ఉండిపోయినవాళ్ళు కొట్టుకుపోయారు, పక్కా భవనాల మీదికి ఎక్కినవాళ్ళలో కొందరు బతికారు. ఆ సంగతి మా చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పిందో. నేను వింటూనే పెరిగాను గానీ, ఆ రాత్రి నా చెయ్యి గడియ మీదే ఉంది.

పార్కువాళ్ళు సాయంత్రం ఇచ్చిన మ్యాప్‌లో కాంక్రీట్ దిమ్మెల స్నానాల గదిని షెల్టర్‌గా గుర్తుపెట్టారు. నేను చూడకుండా మడిచి పెట్టిన ఆ కాగితాన్ని బాబు చూశాడు. ముప్పావుగంట అక్కడే ఉన్నాం. అమ్మ మోకాళ్ళు వంగవు కాబట్టి బకెట్ బోర్లించి కూర్చోబెట్టాం, బాబు దిండు తెచ్చి ఆవిడ తల మీద పట్టుకుని నిలబడ్డాడు. టోర్నడో మా మీదుగా రాలేదు. తెల్లారి చూస్తే వడగళ్ళకి బండి పైకప్పంతా సొట్టలు, ముడవకుండా వదిలేసిన ఆనింగ్, అంటే బండి పక్కన నీడకి చాపే గుడ్డ పందిరి, చిరిగి వేలాడుతోంది.

నాకు ఇప్పటికీ టెన్షన్ పుట్టించేది ఆ మధ్యలో పోయిన సమయం. వాడికి తెలిసింది ఇంగ్లీషులో ఉంది, అమ్మకి తెలిసింది తెలుగులో ఉంది, ఇద్దరి మధ్యా నేను మాటలు మార్చి చెబుతూ నిలబడ్డాను. వాడికి తెలుగు నేర్పడమంటే పద్యాలు, పండగలు, ఫోన్లో తాతయ్యని పలకరించడం అనుకున్నాను ఇన్నాళ్ళూ. మర్నాడు నెబ్రాస్కాలో బండి నడుస్తుండగా వాడికి నేర్పిన తెలుగు వేరు: "అమ్మమ్మా, చెప్పులేసుకో, ఇక్కడ ఉండకూడదు, నా చెయ్యి పట్టుకో." ఇరవైసార్లు చెప్పించాను, అమ్మ ఉచ్చారణ సరిదిద్దింది.

ఇప్పుడు ఎక్కడ ఆగినా కౌంటీ పేరు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించడం వాడి పని, ఎందుకంటే రేడియో చదివేది కౌంటీల పేర్లే. షెల్టర్ దాకా వెలుతురుండగానే ఒకసారి అందరం నడిచి వస్తాం. ఆనింగ్ ముడవడం, గ్యాస్ కట్టేయడం మా ఆయన చూస్తారు. రోడ్డు మీద ఉండగా గాలివాన పట్టుకుంటే వంతెన కింద ఆగొద్దని అందరికీ చెబుతున్నాను, ఆ సందులో గాలి ఇంకా బలంగా కొడుతుంది. నది ఒడ్డున సైటు ఎంత అందంగా ఉన్నా రాత్రికి తీసుకోం. 2025 జూలై 4 తెల్లవారుజామున టెక్సస్‌లో గ్వాడలూప్ నది పొంగినప్పుడు ఒడ్డునున్న ఆర్‌వీలు మనుషులతో సహా కొట్టుకుపోయాయి. ఆ వార్త చూసి అమ్మ ఫోన్ చేసి ఏం మాట్లాడకుండా కాసేపు ఏడ్చింది.

అమ్మ ఇప్పుడు అవనిగడ్డలో ఉంది. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్త వస్తే చాలు, బాబు ఫోన్ తీసుకుంటాడు. "అమ్మమ్మా, తుఫాను షెల్టర్ మీ ఇంటికి ఎంత దూరం? పగలే ఒకసారి నడిచి చూశావా?" అని అడుగుతాడు, తెలుగులోనే.