కోడి కుంటుతోంది: దెబ్బా, తెగులా?

కోడి కుంటుతోందంటే చాలా ఇళ్లలో ముందు పసుపు, నూనె బయటికొస్తాయి. అంతకన్నా ముందు కోడిని పట్టి చూడాలి. గోళ్ల నుంచి తొడదాకా వేళ్లతో తడమండి. దెబ్బయితే వాపో, గాటో, విరిగిన ఎముకో చేతికి తగులుతుంది. ఏమీ తగల్లేదు, రెండు నుంచి ఐదు నెలల కోడి ఒక కాలు ముందుకి, ఒకటి వెనక్కి చాపి పడి ఉందంటే మారెక్స్ అని అనుమానించాలి. మెడ మెలి తిరిగి, ఆకుపచ్చగా పారుతూ, నోరు తెరిచి ఊపిరి లాగుతుంటే కొక్కెర తెగులు. రెండూ వైరస్ జబ్బులే, మందు లేదు. యాంటీబయాటిక్ బిళ్ల చిదిమి పోయడం డబ్బు దండగ. కొక్కెరకు ముందుగా వేసే టీకాయే దిక్కు: పిల్లకు వారంలోపు లసోటా కంట్లో చుక్క, ఎనిమిదో వారంలో ఆర్‌2బి అర మిల్లీలీటరు చర్మం కింద. ఉన్నట్టుండి వరసగా చచ్చిపోతుంటే మాత్రం కోసి చూడకండి, అమ్మకండి, పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేయండి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డ సంగతి తెలిసిందేగా.

దెబ్బే అని తేలితే చేతనైనంత ఇంట్లోనే చేయొచ్చు. కుక్క కాటు పైకి రెండు చిల్లులే. కానీ కుక్క పట్టి విదిలిస్తుంది కాబట్టి లోపల చర్మం కండనొదిలి సంచిలా ఊడుతుంది, మురికంతా అక్కడ చేరుతుంది. ముందు శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు అదిమి పట్టండి, మధ్యలో తీసి చూడొద్దు. గాయం చుట్టూ ఈకలు కత్తిరించాలి. పీకితే చర్మం చిరుగుతుంది. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంటే సుమారు టీ చెంచాన్నర, కలిపి సూది తీసిన సిరంజితో ప్రతి చిల్లులోకీ కొట్టండి, తేట నీళ్లు బయటికొచ్చేదాకా. చివర పల్చటి టీ రంగు వచ్చేలా నీళ్లలో కలిపిన పోవిడోన్ అయోడిన్ (పుళ్లకు వాడే క్రిమినాశిని) పోయండి. చిల్లులు కుట్టకండి, చీము దిగే దారి మూసుకుపోతుంది. మెడ కింద మేత నిలిచే సంచి చిరిగి గింజలు బయటికొస్తుంటే అది డాక్టరు పని.

తర్వాత గంప కింద ఒంటరిగా, చీకటిగా, వెచ్చగా ఉంచాలి. ఎర్రగా కనిపిస్తే తోటి కోళ్లే పొడిచి చంపుతాయి. మేత కుక్కొద్దు. మొదటిరోజు లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు చాలు.

ఈగ పెట్టిన గుడ్డు ఒక్క రోజులోనే పురుగవుతుంది కాబట్టి గాయాన్ని పూటపూటా చూడాలి, తోక కింద మరీ. పురుగు పడితే కిరోసిన్, ఫినాయిల్ పోసేవాళ్లున్నారు. పురుగుతోపాటు కండా కాలుతుంది, ఈకలు దిద్దుకుంటూ కోడి ఆ విషాన్ని మింగుతుంది. ఉప్పునీళ్ల ధారకి చాలావరకు బయటికొస్తాయి, మిగిలినవి పట్టకారుతో ఏరాలి. పశువుల పుళ్లకు వాడే సీతాఫలం ఆకు తల దగ్గర వాడొద్దు, గింజల పొడి అసలే వద్దు, కళ్లకు ప్రమాదం. ఈగ వాలకుండా వేపనూనె గాయం చుట్టూ రాస్తే సరి.

పొలుసుల కాలు విరిగితే బాగానే అతుక్కుంటుంది. దూది చుట్టి, రెండు పక్కలా ఐస్‌క్రీం పుల్లలు పెట్టి, మెడికల్ టేపు వేయండి. వేళ్లు బయటే ఉండాలి. అవి ఉబ్బినా, చల్లబడినా కట్టు బిగుసుకున్నట్టే, విప్పి మళ్లీ కట్టండి. పెద్ద కోడికి మూడు వారాలు, పిల్లకు రెండు. తొడ ఎముకైతే కట్టు నిలవదు, గంప కింద కదలకుండా ఉంచడమే.

రెక్క విరిగితే మామూలుగా ముడుచుకునే తీరులో ముడిచి ఒంటికి చుట్టి టేపు వేస్తారు. బాగు చేయబోయి కోడిని పోగొట్టుకునేది ఇక్కడే. కోడికి మనలా ఉదరవితానం, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండి ఊపిరాడించే కండర పొర, లేదు. రొమ్ము ఎముక కదిలితేనే ఊపిరాడుతుంది. టేపు కింద చిటికెన వేలు సులువుగా దూరాలి. కట్టాక పది నిమిషాలు పక్కనే ఉండండి, నోరు తెరిచి రొప్పితే వెంటనే కత్తిరించేయండి.