లెక్క అడిగినందుకు

నా రెండో కథల పుస్తకం లెక్కలు నిన్నటికి ఒక కొలిక్కి వచ్చాయి. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవాలనుకునేవాళ్లకు పనికొస్తుందని కోపం చల్లారకముందే రాస్తున్నాను.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, తెచ్చుకోవడం తేలిక. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది. ఇప్పిస్తామని డబ్బులడిగేవాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి. డీటీపీలో నేను యూనికోడ్‌లో టైప్ చేసినదాన్ని అచ్చుకు వాడే అను ఫాంట్‌లోకి మార్చేసరికి కొన్ని ఒత్తులు ఎగిరిపోయాయి, ప్రూఫుల్లో సరిచేసుకున్నాను.

కాగితం దగ్గర మాత్రం మనసు చివుక్కుమంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి కాగితం మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతమైంది. పుస్తకానికి పన్ను లేదు నిజమే. అందువల్లే కాగితానికి కట్టిన పన్ను వెనక్కి రాదు, అది పుస్తకం ధరలోనే కలుస్తుంది. వేదికల మీద తెలుగు వెలగాలని ప్రసంగించే నాయకుల్లో ఒక్కరైనా దీన్ని గట్టిగా అడగాలి.

అసలు నరకం అమ్మకం. ఒక డిస్ట్రిబ్యూటర్‌కు 40 శాతం కమీషన్ మీద కట్టలు ఇచ్చాను. అమ్మాక లెక్క చెబుతామన్నారు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో వాళ్ల స్టాలుకు వెళ్లి నా పుస్తకం అడిగితే "స్టాకు లేదు" అన్నారని ఒక పాఠకురాలు ఫోన్ చేసింది. అయిపోయిందేమోనని సంతోషంగా ఆ డిస్ట్రిబ్యూటర్ షాపుకు వెళ్లాను. కట్టలు పురికొస కూడా విప్పకుండా గోడ వారన ఉన్నాయి!

ఇదేమిటని అడిగితే, కొనడానికి వచ్చినవాళ్లందరూ వింటుండగా, "ఈ రోజుల్లో కథలు ఎవరు కొంటారు మేడమ్? పెళ్లిళ్లలో రిటర్న్ గిఫ్టుగా ఇచ్చుకోండి" అన్నాడా డిస్ట్రిబ్యూటర్. పక్కనున్న కుర్రాడు నవ్వాడు. ముప్ఫయ్యేళ్లు పాఠాలు చెప్పిన నాకు ఆ క్షణాన గొంతు పెగల్లేదు. నా మొదటి పుస్తకం రెండో ముద్రణకు వెళ్లింది. కొనేవాళ్లు లేరన్నది పచ్చి అబద్ధం. అడిగి వచ్చినవాళ్లను వెనక్కి పంపింది వీళ్లే.

ఆ తర్వాత లెక్క కోసం ఎప్పుడు ఫోన్ చేసినా "సార్ భోజనానికి వెళ్లారు." నిద్ర పట్టేది కాదు. డాక్టరుగారు బీపీ మాత్ర డోసు పెంచారు. సగంలో ఉన్న కథ ముందు కూర్చుంటే ఆ నవ్వే చెవిలో మోగేది. డబ్బుకన్నా పెద్ద నష్టం ఇదే, రాసే చెయ్యి ఆగిపోవడం. రచయిత ఆరోగ్యం గురించి మన సాహిత్య సభల్లో ఎవరూ మాట్లాడరు, సన్మానం శాలువాతో సరిపెడతారు.

నన్ను కాపాడింది చలానా, అంటే పుస్తకాలు అందాయని రాయించుకున్న కాగితం. కాపీల సంఖ్య, కమీషన్, లెక్క చెప్పాల్సిన గడువు రాయించి, సంతకం పెట్టించుకునే కట్టలు దించాను. సంతకం పెట్టనన్నవాడికి మీరు ఒక్క పుస్తకం కూడా ఇవ్వకండి. దాని జిరాక్సు జతచేసి, స్టాకు, డబ్బు రెండూ వెనక్కిమ్మని స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాను. అప్పుడు "సార్" భోజనం ముగించి ఫోన్ చేశారు.

నిన్న చెక్కు చేతికొచ్చింది. మిగిలిన పుస్తకాలు ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను. అడుగు కట్టలో కాపీలు చెమ్మకు ఉబ్బిపోయాయి. వాటి ఖరీదు కూడా ఇమ్మని ఇంకో ఉత్తరం రాశాను, రేపు పోస్టు చేస్తాను.