పీఎస్సీ పైపు: తీగ బిగువు, పైన పూత

పెద్ద మంచినీటి లైన్లలో వేసే పీఎస్సీ (ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు, అంటే బిగించిన తీగతో ముందే నొక్కి ఉంచిన కాంక్రీటు) పైపు బయటికి మామూలు సిమెంటు పైపులాగే ఉంటుంది. లోపలి నీటి ఒత్తిడిని తట్టుకునే బలం మాత్రం పూత కింద చుట్టిన తీగ నుంచి వస్తుంది.

లెక్క వేసి చూడండి. లోపలి వ్యాసం 1500 మి.మీ., ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 10 కిలోలు. అంటే ప్రతి మీటరు పొడవుకూ పైపు గోడ మీద, ఒక్కో పక్క 75 టన్నుల లాగుడు. 5 మి.మీ. హై టెన్సైల్ వైరు (ఎక్కువ లాగుడును తట్టుకునే గట్టి ఉక్కు తీగ), నష్టాలన్నీ పోగా, చుట్టుకు దాదాపు 2 టన్నులు మోస్తుంది. కాబట్టి మీటరుకు 38 చుట్లు, సుమారు 26 మి.మీ.కు ఒకటి కావాలి. తీగ ముందే కాంక్రీటును నొక్కి పెట్టి ఉంచడంతో, నీటి ఒత్తిడి ఆ నొక్కును తగ్గించగలదే తప్ప గోడను పగలదీయలేదు.

ఇదే పని మామూలు ఇనుముతో మొదట్లో కుదరలేదు. మైల్డ్ స్టీలును దాని హద్దులో లాగితే మీటరుకు 0.7 మి.మీ. సాగుతుంది. కాంక్రీటు ఆరి, బరువు కింద నెమ్మదిగా కుదించుకుపోయేది కూడా ఇంచుమించు అంతే. కొన్నాళ్లకు బిగువంతా పోయేది. ఫ్రాన్స్‌లో ఇంజనీరు యూజీన్ ఫ్రెసినె 1928లో పేటెంటు తీసుకున్న పద్ధతికి కీలకం ఇక్కడే ఉంది. గట్టి తీగను దాని బలంలో 75 శాతం వరకు లాగితే మీటరుకు 6 మి.మీ.కు పైగా సాగుతుంది, అందులో ఒక మిల్లీమీటరు పోయినా చాలినంత మిగులుతుంది.

అమెరికాలో 1942 నుంచి స్టీలు సిలిండర్ లోపల కాంక్రీటు పోసి, సిలిండర్ మీదే తీగ చుట్టిన పైపులు వచ్చాయి. తర్వాత సిలిండర్‌ను కాంక్రీటు మధ్యలోనే పెట్టడం మొదలైంది. మన ఐఎస్ 784 (పీఎస్సీ పైపుల భారత ప్రమాణం)లో సిలిండర్ లేని రకం పైపు కూడా ఉంది, దాని తయారీ ఇలా ఉంటుంది. అచ్చులో నిలువు తీగలను లాగి పట్టి, కోర్ (లోపలి కాంక్రీటు గొట్టం) పోసి, క్యూరింగ్ చేసి (తడిగా ఉంచి గట్టిపరిచి), ఆ తర్వాత చుట్టు తీగ, ఆపై మోర్టార్ (సిమెంటు, ఇసుక కలిపిన) పూత. ఇందులో నీళ్లు కారకుండా చూసే భారం పూర్తిగా కోర్ మీదా, జాయింట్లోని రబ్బరు రింగు మీదా పడుతుంది.

నా దృష్టిలో ఈ పైపు ఆయుష్షును తేల్చేది పూతే. సిమెంటు క్షారగుణం తీగకు తుప్పు పట్టనీయదు. మోర్టార్ గుల్లగా ఉన్నా, ఉప్పు నేలలోంచి క్లోరైడ్ లోపలికి దిగినా, గొలుసు రాపిడికి పెచ్చు ఊడినా ఆ రక్షణ పోతుంది. అందుకే వెడల్పాటి బెల్టుతోనే ఎత్తాలి, కందకంలోకి దించేముందు చిన్న సుత్తితో చుట్టూ కొట్టి వినాలి. డొల్ల శబ్దం వచ్చిన చోట పూత తీగను పట్టుకోలేదని అర్థం.

1970లలో అమెరికాలో తీగ ఆదా కోసం ఇంకా గట్టిదైన క్లాస్ 4 వైరు వాడారు. తయారీలో దాన్ని లాగేటప్పుడు పుట్టిన వేడి సరిగా చల్లారక తీగ పెళుసైంది, కొన్ని తీగలు పొడుగునా చీలాయి. ఇలాంటి తీగలోకి హైడ్రోజన్ చేరితే చిన్న తుప్పుకే తెగుతుంది. తుప్పు ఆపడానికి పెట్టే కాథోడిక్ ప్రొటెక్షన్ (ఇనుముకు చిన్న కరెంటు ఇచ్చే పద్ధతి) కూడా మైనస్ 1000 మిల్లీవోల్టులు దాటితే (కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్ కొలతలో) అదే హైడ్రోజన్‌ను పుట్టిస్తుంది.

తీగలు వరసగా తెగితే పైపు ముందుగా కారి హెచ్చరించకుండానే పగలవచ్చు. 2008 డిసెంబరులో మేరీలాండ్‌లోని బెథెస్డా దగ్గర 66 అంగుళాల లైను పగిలినప్పుడు, కార్లలో చిక్కుకున్నవాళ్లను హెలికాప్టర్లతో, పడవలతో బయటికి తీశారు. ఇప్పుడు అక్కడ పైపు లోపల ఆప్టికల్ ఫైబర్ వేసి, తీగ తెగే చప్పుడును అది తెగినప్పుడే పట్టుకుంటున్నారు.

మన పంపింగ్ మెయిన్లలో (మోటార్లతో నీళ్లు తోసే పెద్ద లైన్లలో) ముందు కదిలేది ఎక్కువగా జాయింటు. కరెంటు పోయి మోటార్లు ఒక్కసారిగా ఆగితే వాటర్ హామర్ (నీటి ఒత్తిడి ఒక్కసారిగా ఎగసే దెబ్బ) వస్తుంది; వంపు దగ్గర థ్రస్ట్ బ్లాక్ (పైపు జరగకుండా ఆపే కాంక్రీటు దిమ్మ) చిన్నదైతే స్పిగాట్ (పక్క పైపులోకి దూర్చే కొస) జరిగి రబ్బరు రింగు బయటికి వస్తుంది. ఇక పైపును కోసి పొడవు సరిచేయడం ఎప్పుడూ చేయకూడదు. చుట్టు తీగ రెండు చివర్లా కట్టిన ఒకటే తీగ, ఎక్కడ కోసినా అక్కడ బిగువు పోతుంది. కొసరు పొడవుకు ఎంఎస్ (మైల్డ్ స్టీలు) ముక్క చేయించి వేయాలి.