చిలికాలో డాల్ఫిన్లు: రేటు కంటే ముందు దూరం మాట్లాడుకోండి

బెజవాడ నుంచి పూరీ వెళ్లేవాళ్లు చాలామంది దర్శనం, కోణార్క్ అయ్యాక మిగిలిన పూట చిలికాకు పెట్టుకుంటారు. తిరుపతి-పూరీ ఎక్స్‌ప్రెస్ మన స్టేషన్ మీదుగానే వెళ్తుంది. పూరీ నుంచి చిలికా సరస్సు ఒడ్డున బోట్లెక్కే ఊరు సాతపడకు రోడ్డు మీద దాదాపు 50 కిలోమీటర్లు. రేవులో దిగగానే అందరూ రేటు తగ్గించమని బేరమాడతారు. ఎంత దూరం నుంచి చూపిస్తావని అడిగేవాళ్లు అరుదు.

"దగ్గరగా చూపిస్తే పైన ఇంకో రెండొందలు" అని ఒక్కరన్నా చాలు, బోటతను ఇంజన్ పెంచి వెంటపడతాడు. అతన్ని చూసి పక్క బోటు. తప్పు అతనిదని నేననుకోను, డబ్బు దేనికిస్తే పని అదే జరుగుతుంది.

అక్కడుండేవి ఇరావడీ డాల్ఫిన్లు, మొత్తం సరస్సులో 150 అటూ ఇటూ. మసక నీళ్లలో వాటికి చెవులే ఆధారం: శబ్దం వదిలి, తిరిగొచ్చిన ప్రతిధ్వనితో చేపనూ దారినీ పసిగడతాయి. ఇంజన్ రొదలో అది వినపడదు. బోట్లు చుట్టుముడితే మేత వదిలేసి లోపలే ఉండిపోతాయి, పిల్ల తల్లికి దూరమవుతుంది. ప్రొపెల్లర్ తగిలితే వీపు చీరుకుపోతుంది. తల్లి దాదాపు 14 నెలలు మోసి ఒక్క పిల్లనే కంటుంది కాబట్టి, ఒకటి పోయినా ఆ లోటు తీరడానికి ఏళ్లు పడుతుంది.

అందుకే ఎక్కకముందే చెప్పండి: 50 మీటర్ల కంటే దగ్గరికి వద్దు, కనపడగానే ఇంజన్ బంద్. ఎదురుగానో వెనకనుంచో కాదు, పక్కగా, అవి వెళ్లే దిక్కులోనే నెమ్మదిగా సాగాలి. అప్పటికే రెండు మూడు బోట్లుంటే దూరంగా ఆగండి. అరగంట చాలు. ఆ రెండొందలు ఇవ్వాలనుకుంటే ఇంజన్ ఆపినందుకివ్వండి.

నవంబర్-ఫిబ్రవరి మధ్య, పొద్దున్నే వెళ్లడం మేలు. గాలి లేవకముందు నీళ్లు నిలకడగా ఉంటాయి, వీపు తేలిగ్గా కనిపిస్తుంది. టీవీలో చూసినట్టు గాల్లోకి ఎగురుతాయని ఆశ పెట్టుకోకండి. వీటికి పొడుగు ముక్కు ఉండదు. గుండ్రటి తల, బూడిద రంగు వీపు, నడుముకి కాస్త వెనగ్గా చిన్న మొండి రెక్క. ఇంజన్ ఆగితే ముందు 'ఫుఫ్' మని ఊపిరి వినిపిస్తుంది. అటు తిరిగేసరికి వీపు వంగి మునిగిపోతుంది, రెండు సెకన్లు కూడా ఉండదు. ఫోన్‌లో ఫొటోకి ప్రయత్నిస్తే దక్కేది ఖాళీ నీళ్లే. వీడియో ఆన్ చేసి వదిలేసి, కళ్లతో చూడండి.

మన తీరంలోనూ డాల్ఫిన్లు తిరుగుతాయి. సూర్యలంకలోనో హంసలదీవిలోనో ప్రాణంతో ఒడ్డుకు కొట్టుకొచ్చినది కనిపిస్తే తోక పట్టి లాగొద్దు, వెన్ను దెబ్బతింటుంది. నీళ్లలోకి నెట్టనూ వద్దు, నీరసంతో ఉన్నది మళ్లీ ఒడ్డుకే వస్తుంది. బోర్లా ఉంచి, పక్క రెక్కల కింద ఇసుక తవ్వి, తడి గుడ్డ కప్పండి. నెత్తిమీది ఊపిరి రంధ్రం మీద మాత్రం గుడ్డ పడకూడదు, నీళ్లూ పోయకూడదు. గొడుగు పట్టి, జనాన్నీ కుక్కల్నీ దూరంగా ఉంచి, అటవీ శాఖకు కబురు చేయండి. నంబరు తెలియకపోతే 112. చనిపోయినదైనా కోయకుండా, పూడ్చకుండా చెప్పాల్సిందే: 1972 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ దానికుంది, పైగా ఒంటి మీది వల గాట్లు చూస్తే ఎలా చనిపోయిందో తెలిసే అవకాశం ఉంటుంది.