ఆపేది ఎట్లో చెప్పు ముందు

మన కాలేజీ ఇంజన్ల ల్యాబ్‌లో గోడవారగా ఉండే కిర్లోస్కర్ డీజిల్ ఇంజన్ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సింగిల్ సిలిండర్, అయిదు హార్స్‌పవర్, నిమిషానికి 1500 చుట్లు. మెకానికల్ 1984-88 బ్యాచ్ వాళ్ళం మొదటి రోజు ల్యాబ్‌లోకి అడుగు పెట్టగానే హ్యాండిల్ ఎవరు తిప్పాలని పోటీ పడ్డాం. మా సారు ఆ హ్యాండిల్‌ని తన చంకలో పెట్టుకుని, "ఏమప్పా, ఆపేది ఎట్లో చెప్పు ముందు" అన్నారు.

ఎవరికీ తెలియదు. సిలిండర్‌లో ఒత్తిడి వదిలేసే డీకంప్రెషన్ లివర్ ఎత్తితే ఆగుతుంది కదా సార్ అన్నాను. "అది స్టార్ట్ చేసేదానికి. ఆపేదానికి డీజిల్ కట్ చెయ్యాల" అని ఫ్యూయల్ పంపు మీద చిన్న లివర్ చూపించారు. ఆ వారమంతా మాలో ఎవరూ ఇంజన్ స్టార్ట్ చేయలేదు. ఒక్కొక్కరం వచ్చి, ఆగి ఉన్న ఇంజన్ దగ్గరే కళ్ళు మూసుకుని, చేయి చాపి ఆ లివర్ పట్టుకుని చూపించాం. మరుసటి వారం హ్యాండిల్ ఇచ్చారు. అప్పుడు కూడా బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉండాలి, హ్యాండిల్ చుట్టూ తిప్పకూడదు. ఇంజన్ వెనక్కి తన్నిందంటే వేలు విరుగుతుంది.

నిరుడు మాఘమాసంలో, చంద్రగిరి దగ్గర మామిడితోటలోని మా షెడ్డు ముందు, సొంతంగా కట్టుకున్న విమానం ఇంజన్‌ని మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు జరిగింది రాయాలంటే ఆ హ్యాండిల్ దగ్గర నుంచే మొదలుపెట్టాలి.

విమానం గురించి క్లుప్తంగా చెబుతాను. జెనిత్ సీహెచ్ 701 అనే రెండు సీట్ల డిజైన్. రెక్క పైన ఉంటుంది, ఒళ్ళంతా అల్యూమినియం రేకు, వేల రివెట్లు. ముంబైలో అమోల్ యాదవ్ గారు మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టారని చదివిన రోజుల్లో నాకు ఈ ధైర్యం వచ్చింది. ఏడేళ్ళు పట్టింది. ఎగరాలంటే విమానాలకు అనుమతులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీసీఏ అనుమతి కావాలి, ఆ కాగితాల పని ఇంకా నడుస్తోంది. ఇప్పుడు చెప్పేదంతా నేల మీది సంగతే.

ఇంజన్ రోటాక్స్ 912. నాలుగు సిలిండర్లు, 80 హార్స్‌పవర్. 5800 చుట్ల దగ్గర పూర్తి బలం ఇస్తుంది. ప్రొపెల్లర్ అంత వేగం తట్టుకోదు కాబట్టి మధ్యలో గేర్‌బాక్స్ పెట్టి 2550 చుట్ల దాకా తగ్గిస్తారు. మోటారు బంకు పెట్రోలుతోనే నడుస్తుంది, కానీ ఇథనాల్ పది శాతం మించకూడదని కంపెనీ పుస్తకంలో ఉంది. మన బంకుల్లో ఇప్పుడు వస్తున్నది ఇరవై శాతం. అయినా కంటితో చూసుకోవాలనిపించి మా అమ్మాయి ల్యాబ్ సామాన్లలోంచి 100 మిల్లీలీటర్ల కొలజాడీ తెచ్చాను. పది మిల్లీలీటర్ల నీళ్ళు, తొంభై పెట్రోలు పోసి, మూత బిగించి, బాగా కుదిపి నిలబెట్టాను. పెట్రోలులో ఉన్న ఇథనాల్ నీళ్ళల్లోకి దిగుతుంది. అడుగున పది దగ్గర ఉండాల్సిన నీటి గీత ఇరవై ఎనిమిది దగ్గర నిలిచింది. కెమిస్ట్రీలో ఇంత తేట అయిన ప్రయోగం నేను ఇంకోటి చేయలేదు. తెలిసినవాళ్ళ ద్వారా విమానాల పెట్రోలు, అదే ఏవ్‌గ్యాస్, తెప్పించడానికి ఇంకో నెల పట్టింది. నీలం రంగులో ఉంటుంది అది. ట్యాంకులో పోస్తుంటే బట్టలకు పెట్టే నీలిమందు నీళ్ళలాగా కనిపించింది.

అసలు కష్టం ఆయిల్‌తో వచ్చింది. ఈ ఇంజన్‌లో ఆయిల్ అడుగున సంపులో ఉండదు, వేరే ట్యాంకులో ఉంటుంది. అక్కడి నుంచి పైపులో పీల్చుకుని పంపు ఇంజన్‌కి ఇస్తుంది. కొత్త పైపుల్లో ఉన్నదంతా గాలే. ఆ గాలి పోకుండా స్టార్ట్ చేస్తే బేరింగులు ఎండిపోయి తిరుగుతాయి. అందుకని పైవరస ప్లగ్గులు తీసేసి, ప్రొపెల్లర్‌ని చేత్తో నిదానంగా, తిరగాల్సిన దిక్కులోనే తిప్పుతూ పోవాలి. పొరపాటున వెనక్కి తిప్పితే మళ్ళీ గాలి లాక్కుంటుంది. మా బామ్మర్దీ నేనూ వంతులు వేసుకుని తిప్పాం. ఒక పూటంతా తిప్పినా ప్రెషర్ ముల్లు సున్నా మీద నుంచి కదల్లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1903 ఫిబ్రవరిలో రైట్ సోదరుల ఇంజన్ సంగతి గుర్తొచ్చింది. వాళ్ళ మెకానిక్ చార్లీ టేలర్ ఆరు వారాల్లో చేసిన ఇంజన్ అది. ఒకరోజు తిరిగింది. మర్నాడు పెట్రోలు కారి బేరింగుల మీద పడి, అవి పట్టేసి, ఇంజన్ ఒళ్ళయిన క్రాంక్‌కేసే పగిలిపోయింది. కొత్తది పోత పోయించుకోవడానికి ఏప్రిల్ దాకా ఆగారు. వాళ్ళే అంత ఓపిక పట్టారంటే నాకేం తొందర?

తెల్లారి రేణిగుంట రోడ్డులో బండ్ల షెడ్డు నడిపే మిత్రుణ్ణి పిలిచాను. ఆయన విమానాన్ని చూడటం అదే మొదటిసారి. మాట్లాడకుండా ఆయిల్ పీల్చే పైపు పొడవునా వేలు తడుముకుంటూ పోయి, చివరి క్లిప్పు దగ్గర ఆగి, "ఇక్కడ గాలి తాగుతాంది సార్" అన్నాడు. పైపు మూతి అర అంగుళం తక్కువగా ఎక్కింది. సరిచేసి మళ్ళీ తిప్పాం. కాసేపటికి ట్యాంకులోంచి గుటగుట శబ్దం వచ్చింది, ముల్లు వణికి లేచింది. ఆ గుటగుట శబ్దం విన్నాకే నాకు కాఫీ తాగబుద్ధయింది.

ఆదివారం పొద్దున స్టార్ట్ చేయాలనుకున్నాం. షెడ్డు ముందు కడిగి రాళ్ళు ఏరేశాం, ప్రొపెల్లర్ చిన్న రాయిని కూడా లాక్కుని తన రెక్కకే కొట్టుకుంటుంది. తోకని మామిడి మానుకు మోకుతో కట్టాం. చక్రాల ముందు దిమ్మలు పెట్టాం. రెండు మంటలార్పే సిలిండర్లు, ఇసుక బకెట్లు సిద్ధం చేసుకున్నాం. ప్రొపెల్లర్ తిరిగే వరుసలో పక్కలకు ఎవరూ నిలబడకుండా తాడు కట్టాం. తోటలో కుక్కని కూడా కట్టేశాం. మా అమ్మ హారతి ఇస్తానంది. పెట్రోలు దగ్గర నిప్పు వద్దని గేటు దగ్గరే ఇప్పించి, చక్రాల కింద నిమ్మకాయలు మాత్రం పెట్టనిచ్చాను.

సీట్లో కూర్చున్నాక ముందు సారు చెప్పినదే చేశాను. కళ్ళు మూసుకుని ఎడమ ఇగ్నిషన్ స్విచ్చు, కుడి ఇగ్నిషన్ స్విచ్చు, ఫ్యూయల్ వాల్వ్, మూడింటినీ చేయి చాపి పట్టుకున్నాను. మూడుసార్లు చేశాను.

"ప్రొపెల్లర్ దగ్గర ఎవరూ లేరు కదా?" అని అరిచాను. "లేరు బావా!" అన్నాడు మా బామ్మర్ది. బటన్ నొక్కాను. రెండు చుట్లు బరువుగా తిరిగింది, ఒకసారి దగ్గింది, అందుకుంది.

ఆ శబ్దం ఎలా ఉందో నేను విననేలేదు. నా చూపంతా ఆయిల్ ముల్లు మీదే. పది సెకన్లలో ప్రెషర్ రాకపోతే ఆపేయాలి. మూడు లెక్కపెట్టేలోపే రెండు బార్ల మీదికి ఎక్కింది. అప్పుడు చెవులు తెరుచుకున్నాయి. గేర్‌బాక్స్ గలగల, రేకంతా సన్నటి వణుకు, ముఖానికి గాలి. ఏడేళ్ళుగా చల్లగా పడి ఉన్న వస్తువు నా అరచేతి కింద వెచ్చబడుతోంది. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి.

2000 చుట్ల దగ్గర రెండు నిమిషాలు ఉంచి ఇగ్నిషన్ పరీక్ష మొదలుపెట్టాను. ప్రతి సిలిండర్‌కీ రెండు ప్లగ్గులు, వాటికి నిప్పురవ్వ ఇచ్చే రెండు వేర్వేరు ఇగ్నిషన్లు. ఒకటి ఆపితే రెండోది నడిపిస్తుంది, చుట్లు కాస్త తగ్గాలి. ఎడమది ఆపాను, తగ్గాయి. మళ్ళీ వేసి కుడిది ఆపాను. ముల్లు కదల్లేదు.

విమానం స్విచ్చు ఇంట్లో లైటు స్విచ్చులాంటిది కాదు. ఆఫ్ చేయడమంటే ఇగ్నిషన్ తీగని బాడీకి కలపడం. ఆ తీగ మధ్యలో తెగిందంటే ఇగ్నిషన్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. థ్రాటిల్ తగ్గించి రెండు స్విచ్చులూ ఆపాను. ఇంజన్ తిరుగుతూనే ఉంది.

"బ్యాటరీ తీసెయ్యనా బావా?" అంటూ మా బామ్మర్ది తాడు దాటబోయాడు. రావద్దని చేత్తో సైగ చేశాను. ఈ ఇగ్నిషన్ తన కరెంటు తానే పుట్టించుకుంటుంది, బ్యాటరీతో పనిలేదు. నా ఎడమ చేయి అప్పటికే ఫ్యూయల్ వాల్వ్ మీద ఉంది. మూసేశాను. కార్బురేటర్లలో మిగిలిన పెట్రోలు అయిపోయేదాకా తిరుగుతుందని తెలుసు. తెలిసినా టెన్షన్ టెన్షనే. వీడియోలో చూస్తే 52 సెకన్లు. తరువాత రెండుసార్లు తడబడి ఆగిపోయింది. తోటలో కాకుల అరుపులు మళ్ళీ వినిపించాయి.

చాలాసేపు ప్రొపెల్లర్ దగ్గరికి ఎవరినీ వెళ్ళనివ్వలేదు. తరువాత వెతికితే కుడి ఇగ్నిషన్ తీగ చివర, ఇంజన్ వైపు లగ్గులో, అంటే తీగ కొసకు నొక్కి బిగించే లోహపు ముక్కలో, దొరికింది తప్పు. లగ్గు రాగి తీగ మీద కాకుండా ప్లాస్టిక్ తొడుగు మీద నొక్కుకుంది. అది నొక్కింది నేనే. మీటరు పెట్టి స్విచ్చు వరకే చూసి, ఇంజన్ వైపు చూడకుండా వదిలేశాను. ఇప్పుడు ప్రతి తీగనీ రెండు చివరలా చూసి, పుస్తకంలో సంతకం పెట్టాకే ముందుకు పోతున్నాను.

మూడోసారి స్టార్ట్ చేసిన రోజు సారుని పిలిచాను. ఎనభై దాటాయి ఆయనకి. వాళ్ళబ్బాయి చిత్తూరు నుంచి కారులో తీసుకొచ్చాడు. తాడు వెనక కుర్చీ వేస్తే కూర్చోలేదు, నిలబడే చూశారు. ఈసారి కుడిది ఆపితే చుట్లు తగ్గాయి, రెండూ ఆపితే ఇంజన్ వెంటనే ఆగింది. దగ్గరికి వచ్చి, చెడిపోయిన లగ్గు ఏదని అడిగారు. డబ్బాలోంచి తీసి ఇచ్చాను. కళ్ళద్దాలు పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని నేను తీసుకుంటానప్పా" అని చొక్కా జేబులో వేసుకున్నారు.